పైన ఆనపకాయ ఎందుకు వేలాడుతోంది? పాత అచ్చుబొమ్మను పిల్లలతో కలిసి చదవడం



డిసెంబరు వచ్చిందంటే బడిలో సెమీ క్రిస్మస్ సందడి మొదలవుతుంది. చిన్న తరగతుల పిల్లలు ఒక్కొక్కరే స్టేజీ ఎక్కుతుంటే, ఎవరు ఏ వేషమో కింద కూర్చున్న మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. తెల్ల గౌనుకు అట్టముక్కల రెక్కలు కట్టుకున్న పాప దేవదూత. భుజాన తువ్వాలు, చేతిలో కర్ర ఉంటే గొర్రెల కాపరి. బంగారు రంగు కాగితం కిరీటాలతో ముగ్గురు వస్తే తూర్పు దేశపు జ్ఞానులు. కృష్ణాష్టమి నాడు నెమలిపింఛం పెట్టుకున్న ప్రతి బాబూ కృష్ణుడే. మాట లేకుండానే వస్తువు మనిషి పేరు చెబుతుంది. ఇలాంటి గుర్తునే కళలో ప్రతీక అంటారు.

ఎనిమిదో తరగతి సోషల్ పాఠంలో యూరప్ సాంస్కృతిక పునరుజ్జీవనం చెబుతున్నప్పుడు, ఆ కాలపు అచ్చుబొమ్మల్లో బైబిలు వ్యక్తులను ప్రతీకల సాయంతో ఎలా గుర్తుపట్టాలో పిల్లలతో రెండు పీరియడ్లు మాట్లాడాను. ఆ పాఠాన్నే మీతో పంచుకుంటున్నాను. అందులో నేను చేసిన ఒక పొరపాటు కూడా ఉంది. అది చెప్పకపోతే ఈ పాఠం పూర్తి కాదు.

బిందె మీద పేరు, రాగి రేకు మీద బొమ్మ

కొత్త ఇత్తడి బిందె కొన్నప్పుడు దుకాణంలో ఇంటిపేరు చెక్కిస్తాం. చెక్కిన ఆ గీతల్లో నల్లరంగు నింపి, పైన అంటినదంతా గుడ్డతో శుభ్రంగా తుడిచేశాం అనుకోండి. రంగు గీతల్లో మాత్రమే మిగులుతుంది. దాని మీద తడి కాగితం పెట్టి గట్టిగా ఒత్తితే పేరు కాగితం మీదకు వస్తుంది, కాకపోతే అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది. రాగి రేకు చెక్కడపు అచ్చు పద్ధతి ఇదే. చెక్క అచ్చు దీనికి ఎదురు: అక్కర్లేని భాగం చెక్కి తీసేస్తే, మిగిలి ఉబ్బెత్తుగా నిలిచిన గీతలకే రంగు అంటుతుంది. మచిలీపట్నం, పెడన కలంకారీ అచ్చులు ఈ రెండో రకం.

జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో 1471లో పుట్టిన ఆల్‌బ్రెష్ట్ డ్యూరర్ ఈ రెండు పద్ధతుల్లోనూ ఆరితేరినవాడు. ఆయన తండ్రి కంసాలి. డ్యూరర్ ముందు తండ్రి దగ్గరే బంగారం పని నేర్చుకున్నాడు, ఆ తర్వాత చిత్రకారుడి దగ్గర శిష్యరికం చేశాడు. లోహం మీద చెయ్యి ఆడటం చిన్నప్పుడే అలవడింది.

మన ప్రాంతానికీ ఈ విద్య కొత్త కాదు. 18వ శతాబ్దంలో విశాఖపట్నం పనివాళ్లు ఏనుగు దంతపు పలకల మీద సన్నని గీతలు చెక్కి, వాటిలో నల్ల లక్క నింపి పెట్టెలు, బల్లలు తయారుచేసేవారు. యూరప్ అచ్చుబొమ్మల్లోని భవనాలను చూసి చెక్కిన పెట్టెలు కూడా వాటిలో ఉన్నాయి. దంతపు వ్యాపారం ఇప్పుడు చట్టరీత్యా నిషేధం. ఆనాటి వస్తువులు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో చూడొచ్చు.

రంగు లేని చోట వస్తువే గుర్తు

తోలుబొమ్మలాటలో నీలి దేహం కనిపిస్తే రాముడో కృష్ణుడో అని తెలిసిపోతుంది. నలుపు తెలుపు అచ్చుబొమ్మకు ఆ సౌకర్యం లేదు. పైగా ఒక్క రేకు నుంచి వందల కాగితాలు తీయొచ్చు. అవి సంతల్లో అమ్ముడుపోయి, భాష తెలియని ఊళ్లకూ చేరేవి. డ్యూరర్ బొమ్మలను ఆయన తల్లి, భార్య కూడా సంతల్లో అమ్మేవారు. కింద పేరు రాయకపోయినా కొన్నవాళ్లు బొమ్మలో ఉన్నదెవరో పోల్చుకోగలగాలి. అందుకే చేతిలో వస్తువుకూ పక్కన ఉన్న జంతువుకూ అంత విలువ.

చేతిలో తాళపుచెవులు ఉంటే పేతురు. పరలోకరాజ్యపు తాళపుచెవులు నీకిస్తానని యేసు ఆయనతో అన్నట్టు మత్తయి సువార్త 16వ అధ్యాయంలో ఉంది. కత్తి పట్టుకుంటే పౌలు. ఆయనను కత్తితో శిరచ్ఛేదం చేశారని సంప్రదాయం చెబుతుంది. సువార్తలు రాసిన నలుగురికీ నాలుగు గుర్తులు: మత్తయికి మనిషి, మార్కుకు సింహం, లూకాకు ఎద్దు, యోహానుకు గద్ద. యెహెజ్కేలు గ్రంథంలోనూ ప్రకటన గ్రంథంలోనూ వర్ణించిన నాలుగు జీవుల నుంచి ఇవి వచ్చాయి.

ఇక్కడిదాకా చెప్పేసరికి పిల్లలు నోట్సులో రెండు గడుల పట్టిక గీసేశారు. ఒకవైపు వస్తువు, ఒకవైపు పేరు. పరీక్షకు చదువుకోవడానికి అదే సుళువు. కానీ అసలు పాఠం ఆ పట్టిక ఎక్కడ పనిచేయదో అక్కడ మొదలవుతుంది.

సింహం అంటే ఎవరు?

డ్యూరర్ చెక్క అచ్చు ఒకదానిలో ఒక బలశాలి సింహం మీదెక్కి రెండు చేతులతో దాని నోరు చీలుస్తుంటాడు. అతను సమ్సోను. 1514లో చెక్కిన రాగి అచ్చులో ఒక ముసలాయన గదిలో కూర్చుని రాసుకుంటుంటే, గుమ్మం దగ్గర సింహం పెంపుడు పిల్లిలా పడుకుని ఉంటుంది. ఆయన జెరోమ్. వేరే బొమ్మల్లో రెక్కలున్న సింహం పుస్తకంతో కనిపిస్తే అది మార్కుకు గుర్తు. ఒకటే జంతువు. ఒకచోట శత్రువు, ఒకచోట నేస్తం, ఒకచోట సంతకం.

దీనికి దూరం వెళ్లక్కర్లేదు. శ్రీకూర్మంలో తాబేలు సాక్షాత్తు విష్ణుమూర్తి అవతారం. పాత శివాలయాల ద్వారం పక్కన స్త్రీమూర్తి పాదాల కింద తాబేలు ఉంటే అది యమునానది వాహనం, మకరం ఉంటే ఆ తల్లి గంగ. "తాబేలు దేనికి ప్రతీక?" అని ఒక్క మార్కు ప్రశ్న ఇస్తే ఏ జవాబు రాసినా సగమే నిజం. తాబేలు ఎక్కడుంది, ఎవరితో ఉంది, పైన ఉందా కింద ఉందా అని చూశాకే జవాబు.

డ్యూరర్ 1504లో చెక్కిన ఆదాము హవ్వల బొమ్మ చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. చెట్టుకు చుట్టుకున్న పామును అందరూ పోల్చుకుంటారు. వాళ్ల కాళ్ల దగ్గర పిల్లి, ఎలుక పక్కపక్కనే ఉన్నాయి, పిల్లి ఇంకా దూకలేదు. పండు తినకముందు లోకంలో వైరం లేదన్నమాట, వచ్చే క్షణం నుంచి ఉంటుంది. వెనక దుప్పి జాతి జంతువు, ఎద్దు, కుందేలు ఉన్నాయి. పిల్లితో కలిపి ఈ నాలుగూ ఆనాటి యూరప్ వైద్యం చెప్పిన నాలుగు మనిషి స్వభావాలకు గుర్తులని కళాచరిత్రకారుడు ఎర్విన్ పనోఫ్‌స్కీ వివరించాడు. మన వాత పిత్త కఫాల లెక్కలాంటిదే అది. నాలుగూ సమతూకంలో ఉన్న ఆఖరి క్షణం ఆ బొమ్మ.

ఒక చిన్న సంగతి. ఆ బొమ్మలో ఆపిల్ కనిపిస్తుంది. బైబిలు మాత్రం పండు అంటుందే గాని ఏ పండో చెప్పదు. మన స్టేజీ మీద కిరీటాలతో వచ్చే ముగ్గురి సంగతీ అంతే. మత్తయి సువార్తలో "జ్ఞానులు" అనే ఉంది. వాళ్లు రాజులని గానీ ముగ్గురని గానీ లేదు. కానుకలు మూడు కాబట్టి మనుషులనూ ముగ్గురిని చేశారు. బొమ్మ ఒక మాట చెబుతుంది, గ్రంథం ఒక మాట చెబుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడటం పిల్లలకు అలవాటైతే, రేపు ఏ ఫోటో చూసినా ఏ ఫార్వర్డ్ మెసేజ్ చూసినా ఒక్క క్షణం ఆగుతారు.

మా క్లాసులో జరిగింది

జెరోమ్ బొమ్మను స్మార్ట్ బోర్డు మీద పెద్దదిగా వేశాను. సింహం, పక్కన నిద్రపోతున్న కుక్క, కిటికీ గట్టు మీద పుర్రె, గోడకు ఇసుక గడియారం, వెడల్పాటి టోపీ, బల్ల అంచున చిన్న శిలువ. ఇవన్నీ ముందే నా నోట్సులో రాసుకున్నాను.

సింహం ఉంది కాబట్టి ఆయన రాజుగారని ఒకరు అన్నారు. పుర్రె అంటే డేంజర్, ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉంటుందిగా అని ఇంకొకరు. రెండూ మంచి జవాబులే, పిల్లలు తమకు తెలిసిన గుర్తులతో చదువుతున్నారు. ఇక్కడి పుర్రె మాత్రం ప్రమాదం గుర్తు కాదని, ఆయుష్షు ఎంతో కాలం ఉండదని గుర్తుచేసేదని చెప్పాను. ఇసుక గడియారం చెప్పేదీ అదే. జెరోమ్ తల నుంచి చూపు కదిపితే మధ్యలో శిలువ వస్తుంది, దాన్ని దాటితే పుర్రె. మరణానికీ ఆయనకూ మధ్య శిలువ ఉందని ఆ అమరిక సారం. టోపీ కార్డినల్ పదవికి గుర్తు. జెరోమ్ ఎన్నడూ కార్డినల్ కాదు, పోపు దగ్గర కార్యదర్శిగా పనిచేశాడు. తర్వాతి కాలపు చిత్రకారులు గౌరవంగా ఆ టోపీ ఇచ్చారు. సింహం కాల్లో ముల్లు తీసి దాన్ని మచ్చిక చేసుకున్నాడన్న కథ కూడా తర్వాత వచ్చిందే.

అంతా సాఫీగా సాగుతోంది. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒక బాబు, ఎప్పుడూ నోరు మెదపనివాడు, అన్నాడు: "మేడమ్, పైన ఆనపకాయ వేలాడతంది."

క్లాసంతా గొల్లున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. "సరే, దాని సంగతి తర్వాత చూద్దాం" అని ముందుకు వెళ్లిపోయాను. బాబు కూర్చున్నాడు, ఆ పీరియడ్‌లో మళ్లీ మాట్లాడలేదు.

సాయంత్రం ఇంటికెళ్లి బొమ్మ తీసి చూశాను. నిజంగానే ఆనపకాయ. ఆకుతో, మెలికలు తిరిగిన తీగతో, పైకప్పు నుంచి మన వైపుకే వేలాడుతోంది. మనిషి తలకంటే పెద్దది. రాగి మీద ఒక్కో గీత చెక్కడానికి అంత కష్టపడే మనిషి అంత పెద్ద కాయను ఊరికే వేలాడదీయడు కదా! నా నోట్సులో అది లేదు. లేదు కాబట్టి నాకు కనబడలేదు. బాబు దగ్గర నోట్సు లేదు, అందుకే వాడికి కనబడింది.

సొరచెట్టు తగాదా

రాత్రి కూర్చుని చదివితే తెలిసింది, ఆ కాయ వెనక పెద్ద కథే ఉంది. జెరోమ్ చేసిన ప్రధానమైన పని బైబిలును లాటిన్‌లోకి అనువదించడం. పాత నిబంధన చాలాభాగం హీబ్రూ మూలం నుంచే తెచ్చాడు. యోనా గ్రంథం 4వ అధ్యాయంలో ఎండలో కూర్చున్న యోనాకు నీడనివ్వడానికి దేవుడు ఒక చెట్టు మొలిపిస్తాడు. మర్నాడు పురుగు తొలిస్తే అది వాడిపోతుంది. అప్పటిదాకా లాటిన్ చదివేవాళ్లు ఆ మొక్కను సొర జాతి తీగ అనేవారు. జెరోమ్ దాన్ని ఐవీ అనే వేరే తీగగా మార్చాడు. ఉత్తర ఆఫ్రికాలో, ఇప్పటి ట్రిపోలీ ఉన్నచోట, ఒక బిషప్ ఈ కొత్త అనువాదం చదివితే జనం చిన్నప్పటి నుంచి విన్న మాట మారిందని గొడవ చేశారు. ఆ సంగతి అగస్టీన్ జెరోమ్‌కు ఉత్తరంలో రాశాడు. ఇద్దరు పెద్ద పండితుల మధ్య ఒక కూరపాదు గురించి వాదన నడిచింది.

డ్యూరర్ గదిలో వేలాడే కాయ ఆ అనువాద తగాదాను గుర్తుచేస్తుందని కొందరు పండితుల అభిప్రాయం. ఒక్కరోజులో మొలిచి వాడిపోయిన తీగ కాబట్టి పుర్రె, ఇసుక గడియారం చెప్పే మాటనే ఇదీ చెబుతుందని అనుకోవచ్చు. రెండూ కుదురుతాయి.

మర్నాడు ముందుగా ఆ బాబుకు క్లాసు ముందు థాంక్స్ చెప్పాను. తర్వాత ఈ కథ చెప్పాను. నానమ్మతో చర్చికి వెళ్లే ఒక పాప చెయ్యెత్తి, "మా బైబిల్లో సొరచెట్టు అని ఉంది టీచర్" అంది. "సొరకాయ వేరు, ఆనపకాయ వేరు" అని ఒకరు. "కాదు, హైదరాబాదులో మా పిన్నివాళ్లు ఆనపకాయనే సొరకాయంటారు" అని ఇంకొకరు. ఐదు నిమిషాలు క్లాసు దద్దరిల్లింది. అగస్టీన్ ఉత్తరంలోని గొడవ ఎలాంటిదో నేను మళ్లీ వివరించాల్సిన పని లేకపోయింది.

అదే ఊపులో మన సంగతీ చెప్పాను. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజస్ విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయర్ అనే తెలుగు తెలిసిన సహాయకుడితో కలిసి సువార్తలను తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. హీబ్రూ, గ్రీకు గ్రంథాల్లోని ప్రతి చెట్టుకూ, పిట్టకూ, కొలతకూ తెలుగు పేరు వెతకాల్సిన పని ఈ దారిన నడిచిన అనువాదకులందరిదీ. ఆ పని గుర్తుగానే జెరోమ్ స్మృతిదినమైన సెప్టెంబరు 30ని ప్రపంచం అంతర్జాతీయ అనువాద దినోత్సవంగా జరుపుకుంటోంది.

"ఇది పరీక్షలో వస్తుందా?"

కొందరు తల్లిదండ్రులు అడిగారు, అడగడం న్యాయమే. ఫీజు కడుతున్నారు, మార్కులు కావాలి. సూటిగా చెప్పాలంటే జెరోమ్ ఆనపకాయ మీద ప్రశ్న రాదు. అయితే పటం చూసి జవాబు రాయమనే ప్రశ్నలు సోషల్‌లో ఉన్నాయి, సైన్సులో ఉన్నాయి. ఇచ్చిన సమాచారంలో ఏముందో, ఏం లేదో చూడకుండా గుర్తున్నది రాసేసి మార్కులు పోగొట్టుకునే పిల్లలను ప్రతి పరీక్షలోనూ చూస్తున్నాం. ముందు చూడటం, చూసింది పేర్లతో చెప్పడం, ఆ తర్వాతే అర్థం చెప్పడం అనే మూడు మెట్లు ఏ సబ్జెక్టుకైనా అవే.

ఇంకొందరు వేరే మాట అడిగారు: "మా ఇంట్లో ఆ మతం కాదు, పిల్లలకు బైబిలు ఎందుకు?" ఇది ప్రార్థన పాఠం కాదు, చరిత్ర పాఠం. శ్రీకూర్మం తాబేలును చర్చికి వెళ్లే పిల్లలు ఎలా చదివారో, పేతురు తాళపుచెవులను గుడికీ మసీదుకూ వెళ్లే పిల్లలు అలాగే చదివారు. ఏ ఇంట్లో విన్న కథైనా క్లాసులో ఏదో ఒకరోజు అందరికీ అవసరపడుతుంది. ఆ రోజు నానమ్మ చెప్పిన సొరచెట్టు మా అందరికీ అవసరపడింది.

1580లో జెస్యూట్ పాదిరీలు ఫతేపూర్ సిక్రీకి వచ్చి అక్బరుకు బొమ్మలున్న బైబిలు కానుకగా ఇచ్చారు. అలా వచ్చిన యూరప్ అచ్చుబొమ్మలు చూసి మొగలు చిత్రకారులు గీయడం మొదలుపెట్టారు. డ్యూరర్ 1511లో చెక్కిన శిలువ దృశ్యంలోని యోహానును చూసి 1600లో అబుల్ హసన్ అనే కుర్రాడు గీసిన బొమ్మ ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని అష్మోలియన్ మ్యూజియంలో ఉంది. అప్పటికి అతనికి పదమూడో ఏడు, మన ఎనిమిదో తరగతి వయసు. యోహాను అతని మతస్థుడు కాదు, ఆ భాష అతనిది కాదు. చేతివేళ్ల ముడి, బట్ట మడతలు అంత శ్రద్ధగా చూశాడు. పెద్దయ్యాక జహంగీరు ఆస్థానంలో అగ్రశ్రేణి చిత్రకారుడయ్యాడు.

ఈ నెల ఇంట్లో చేయించండి

1. ఇంట్లో పేరు చెక్కిన బిందెనో పళ్లేన్నో తీయండి. పేరు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో మెల్లగా రుద్దమనండి. ఇలా రుద్దితే అక్షరాలు సరిగానే వచ్చాయి, రాగి అచ్చులో తిరగబడతాయని చెప్పుకున్నాం. తేడా ఎందుకో పిల్లలనే చెప్పనివ్వండి.

2. సెలవురోజు దగ్గర్లోని గుడికో చర్చికో వెళ్లినప్పుడు ఒక్క బొమ్మ ముందు ఐదు నిమిషాలు నిలబడండి. ముందుగా "ఇదెవరు?" అని అడగొద్దు, "ఏమేం కనిపిస్తున్నాయి?" అని అడగండి. కనీసం పది వస్తువులు చెప్పాకే పేరు చెప్పాలి.

3. ఇంటికొచ్చిన క్రిస్మస్ కార్డు, కొత్త సంవత్సరం క్యాలెండరు, పెళ్లి శుభలేఖ వీటిలో ఒకటి తీసుకోండి. అందులో ఉన్న గుర్తులు రాయించండి. ఒక్కోదాని కథ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రెండేసి వాక్యాలు రాయమనండి. తాతయ్యలకు, అమ్మమ్మలకు ఫోన్ చేయించండి, వాళ్ల దగ్గర ఉన్నవి మా పుస్తకాల్లో లేవు.

4. ఒకే జంతువు రెండు బొమ్మల్లో రెండు అర్థాలతో కనిపించిన ఉదాహరణ ఒకటి వెతకమనండి. సింహం, పాము, ఎద్దు, నెమలి ఏదైనా సరే. మంచి ఉదాహరణలను జనవరి నోటీసు బోర్డులో పెడతాం.

ఆఖరుగా ఒక విన్నపం. మీ పిల్లలు ఏ బొమ్మలోనైనా మీకు కనబడనిది చూపించి, అది కాస్త నవ్వు తెప్పించేదిగా ఉన్నా సరే, నాలాగా "తర్వాత చూద్దాం" అనకండి. వాళ్లు వేలు పెట్టి చూపించిన చోటు మీరూ ఒకసారి చూడండి. ఆ తర్వాత నవ్వాలనిపిస్తే ఇద్దరూ కలిసే నవ్వుకోండి.

అందరికీ క్రిస్మస్, నూతన సంవత్సర శుభాకాంక్షలు.